అక్షరము నుండి శాసనము వరకు

ఆరోగ్యమన్నంతనే మనకు పథ్యము, కషాయము, వైద్యుడు స్ఫురించుట సహజము. కాని కొన్ని రోగములకు మందు వంటయింటను లేదు, వైద్యశాలయందును లేదు. అది ప్రభుత్వ శాసనమున నున్నది. దానిని సాధించుట యెట్లో చూపినవారు మన ప్రాంతపు పల్లె స్త్రీలే.

పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమ నున్న శ్రీహరికోట నేడు తిరుపతి జిల్లాలోనిది. 2022 వరకు నెల్లూరు జిల్లాలో నుండెను. ఆ నెల్లూరు జిల్లాలోనే, కలిగిరి మండలమందలి దూబగుంటలో, మేము చెప్పబోవు కార్యము మొదలయ్యెను.

1991లో ఆ జిల్లాయందు 'అక్షరదీపము' పేర వయోజన విద్యోద్యమము సాగెను. పగలు కూలికిబోయి రాత్రి బడికి వచ్చు స్త్రీలకు 'సీతమ్మ కథ' పాఠముగా నుండెను. త్రాగుబోతు మగనివలన చెడిన సంసారపు కథ యది. ఇది మన కథయే యని వారు తెలిసికొనిరి. సారా మగవాని కాలేయమును చెఱచును. కూలిడబ్బును హరించి బిడ్డల కంచమును శూన్యము చేయును. దూబగుంట స్త్రీలు, రోసమ్మగారు ముందు నడువగా, ఊరి సారాదుకాణమును మూయించిరి. ఆ వార్త 'ఆడవాళ్లు ఏకమైతే' అను పాఠమై యితర గ్రామముల చదువరులకు చేరెను.

ఒక్క దుకాణదారుని తరిమిన చాలదనియు, ఏటేట దుకాణములకు హక్కునిచ్చు ప్రభుత్వపు వేలమే మూలమనియు స్త్రీలు గ్రహించిరి. 1992లో వారు నెల్లూరున వేలము నడ్డగింపగా అది పలుమార్లు వాయిదాపడెను. 1993 ఏప్రిల్‌లో ఆ జిల్లాలోను, అక్టోబరు 1న నాటి ఆంధ్రప్రదేశమంతటను సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమే వచ్చెను.

భారతమున కచుని భస్మము కలిసిన సురను త్రాగి మోసపోయిన శుక్రాచార్యుడు మద్యపానమును మహాపాతకముగా శాసించెను. ఆయన గురువు గనుక నోటిమాటయే శాసనమయ్యెను. కూలి స్త్రీలకు అట్టి యధికారము లేదు. ఐనను రాజ్యాంగములోని 47వ అధికరణము ప్రజారోగ్యమును పెంచుటయు, మత్తుపానీయములను నిషేధింప యత్నించుటయు ప్రభుత్వ విధులని చెప్పుచున్నది. కావున వారు కోరినది భిక్ష కాదు.

1997లో ఆ సంపూర్ణనిషేధము సడలింపబడినది. ఖజానాకు రాబడి తగ్గినదనియు, దొంగసారా పెరిగినదనియు పాలకులు కారణములు చెప్పిరి. వచ్చిన శాసనమును కాపాడుట, తెచ్చుటకంటె కష్టమని మాకు తోచుచున్నది.

నేడు ఊరూర పొదుపు సంఘములున్నవి. త్రాగునీటి కొఱకైనను, మురుగుకాలువ కొఱకైనను, ఆరోగ్యకేంద్రమున మందుల కొఱకైనను ఆ సంఘములు మూడు విద్యలు నేర్వవలెను: కష్టమును లెక్కతో చూపుట, దానిని తీర్పగల యధికారి యెవరో తెలిసికొనుట, కోరిక తీరిన పిదపను కనిపెట్టియుండుట. చదువుకొన్న గృహిణులు వారమున కొక సాయంకాలము సంఘములో కూర్చుండి, అర్జీ వ్రాయుటయు గ్రామసభలో మాటాడుటయు నేర్పుదురు గాక. పొరుగింట రోగమున్నంతవఱకు మన యింటి యారోగ్యమును నమ్మదగినది కాదు.