కోడి లేని పులుసు

పంతులుగారికి వంటను గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. అందును మాంసమెరుగని యింట పుట్టినవాడు కోడిపులుసు మాట యెత్తుట మరియు వింతగా నుండవచ్చును. కాని నేను చెప్పబోవునది కోడిని గూర్చి కాదు. కోడి లేనప్పుడు పులుసునకు చిక్కదనము, రుచి, బలము ఎట్లు కలుగునో దానిని గూర్చి. ఇది నాలుకకు మాత్రమే సంబంధించిన ముచ్చట కాదు. పేదయింటి మర్యాదకును సంబంధించినది.

మా కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల పల్లెలందు సంగటి ప్రసిద్ధమైన భోజనము. నూకలు ఉడుకుచుండగా రాగిపిండి వేసి, కట్టెతో గెలికి, ముద్దలు చేయుదురు. దానిని నమలి తినరు. కొంచెము తుంచి, పులుసులో అద్ది మ్రింగుదురు. సంగటికి స్వతస్సిద్ధమైన రుచి స్వల్పము. ప్రక్కనున్న పులుసు నీళ్లవలె నున్నచో ముద్ద గొంతు దిగదు. శ్రీనాథుడు పల్నాటి జొన్నకూటిని ఈసడించుచు చాటువులు చెప్పెనని ప్రతీతి. ఆ మహాకవి విస్తరిలో మంచి పులుసు పడియుండదని నా యనుమానము.

సంగటికి నాటుకోడి పులుసు జోడు. చుట్టము గడప త్రొక్కినచో కోడిని కోయుట ఈ సీమలో గౌరవచిహ్నము. కాని పెరటిలో ఉన్నది ఒక్క పెట్టయే యైనప్పుడు ఇల్లాలి సంకట మెట్టిదో ఊహింపుడు. కోసినచో ఆ పూటకు విందు. మరునాటినుండి పిల్లలకు గ్రుడ్డు లేదు. కోయనిచో చుట్టము ముందు చిన్నతనము. విస్తరిలో ముక్క లేదని సిగ్గుపడు తల్లులను, అప్పు తెచ్చి కోడిని కొనువారిని నేను బడి చెప్పిన పల్లెలలో చూచితిని. ఇక కార్తికమాసమందును, శనివారములందును, మ్రొక్కులున్న దినములందును మాంసము తినువారి యిండ్లలో సైతము పొయ్యిమీద కోడి యుండదు. ఆ దినములందు చప్పిడికూడు తినవలసినదేనా? అక్కరలేదు.

చరక సుశ్రుతాది వైద్యగ్రంథములలో మాంసమును కాచి తీసిన దానికి మాంసరసమనియు, పప్పుధాన్యములను కాచి తీసిన దానికి యూషమనియు పేర్లు. రెండింటిని ఆయా రోగులకు పథ్యములుగా చెప్పిరి. యూషమందు మరల రెండు తెగలు కలవు. స్నేహము, ఉప్పు, కారపు ద్రవ్యములు చేర్చనిది అకృతయూషము; చేర్చినది కృతయూషము. కులత్థయూషమనగా మన ఉలవకట్టే. కావున మాంసము లేని పులుసు కోడిపులుసునకు దొంగరూపు కాదు. దాని వంశము దానికున్నది.

కోడి పులుసునకు ఇచ్చునవి ముఖ్యముగా నాలుగు. మొదటిది ఎర్రగా వేగుటవలన పుట్టు కమ్మదనము. ఫ్రెంచి రసాయనజ్ఞుడు లూయి కమీల్ మయార్ 1912లో ఈ మర్మమును బయల్పరచెను. మాంసకృత్తులలోని అమైనో ఆమ్లములును చక్కెరలును వేడిమిచే కలిసి, క్రొత్త రంగును క్రొత్త పరిమళమును పుట్టించును. ఇది చురుకుగా జరుగుటకు సుమారు 140 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలెను. నీరు 100 డిగ్రీలకే మరుగును గదా! కనుక నీటిలో ఎంతసేపు ఉడికినను వస్తువు ఆ విధముగా ఎర్రబడదు. రెండవది చిక్కదనము. ఎముకలను, కీళ్లను అంటియున్న బంధక పదార్థము చాలసేపు మరగి జిగురుగా మారును. దానినే జెలటిన్ అందురు. మూడవది క్రొవ్వు. మసాలాల పరిమళములలో పెక్కు నీటిలో కరగవు, స్నేహద్రవ్యములో కరగును. నాలుగవది నాలుకపై నిలుచు నిండైన రుచి. టోక్యోలో కికునే ఇకెడా అను ఆచార్యుడు 1908లో సముద్రపు నాచునుండి గ్లుటామేటు అను పదార్థమును తీసి, ఆ రుచికి ఉమామి యని పేరు పెట్టెను. అది మన షడ్రసముల లెక్కలో చేరదు. టమాటాలలోను, పుట్టగొడుగులలోను అది కలదు.

ఈ నాలుగును మన నేలలోనే దొరకును. పులివెందుల వైపు ఎర్రనేలలలో చెనక్కాయ పండును. వేరుసెనగకు ఇచ్చటి పేరు అదియే, కొన్ని యెడల బుడ్డలనియు నందురు. ఆ గింజలో దాదాపు సగము నూనె, నాలుగవ వంతు మాంసకృత్తులు. నూరినచో చిక్కదనమును, స్నేహమును ఒక్కమారే ఇచ్చును. జమ్మలమడుగు వైపు నల్లరేగళ్లలో సెనగ పండును. వేయించిన సెనగపప్పు పొడి పులుసును గట్టిపరచును. ప్రొద్దుటూరు పెద్ద వర్తకపు పట్టణము. ఎండుకొబ్బెర, గసగసాలు, లవంగములు అంగళ్లలో దొరకును. ఎర్రగడ్డలు, అనగా నీరుల్లిపాయలు, జిల్లా పంటయే.

నలుగురికి చాలు పులుసునకు కొలతలు చెప్పెదను. ముందుగా కట్టు. 100 గ్రాముల ఉలవలను రాత్రి నానవేసి, ఉదయమున కడిగి, లీటరున్నర నీటిలో నీరు సగమగువరకు కాచి వడగట్టుడు. ముప్పాతిక లీటరు కట్టు రావలెను. మిగిలిన ఉలవలు గుగ్గిళ్లకు పనికివచ్చును, పారవేయవలదు.

పిమ్మట వేపుడు. చెనక్కాయ గింజలు 50 గ్రాములు, ధనియాలు రెండు చెంచాలు, నువ్వులు రెండు చెంచాలు, ఎండుమిరపకాయలు ఆరు, ఎండుకొబ్బెర చిన్న ముక్క, లవంగములు మూడు, దాల్చినచెక్క కొంచెము. వీనిని నూనె లేకుండ సన్నని సెగమీద వేరువేరుగ వేపవలెను. నువ్వులు చిటపటలాడు లోపలనే వేగును, చెనక్కాయలకు చాలసేపు పట్టును. కలిపి వేసినచో ఒకటి మాడును, ఒకటి పచ్చిగా మిగులును. ఒక ఎర్రగడ్డను పొట్టుతోనే నిప్పులమీద కాల్చి, నల్లని పొట్టు తీసివేయుడు. దీనిని, ఎనిమిది తెల్లగడ్డ రెబ్బలను, అల్లపు ముక్కను, వేపిన దినుసులను చేర్చి మెత్తగా నూరుడు. రోలైనను సరే, మిక్సీ యైనను సరే.

ఇక అసలు ఘట్టము. మందమైన సట్టిలో మూడు పెద్ద చెంచాల నూనె కాచి, సన్నగా తరిగిన రెండు ఎర్రగడ్డలను వేసి, పావుగంట తక్కువ గాకుండ వేపవలెను. తొందరపడువారు పులుసును ఇచ్చటనే పోగొట్టుకొందురు. ఎర్రగడ్డ మెత్తబడుట వేరు, ఎర్రబడుట వేరు. అడుగున గోధుమరంగు పొర అంటుకొనును. అది మాడు కాదు, మన ధనము. రెండు చెంచాల నీరు చిలికి, తెడ్డుతో దానిని గీకి కలుపుడు. ఇట్లు రెండు మూడు మార్లు చేయుడు. తరువాత ఒక టమాటాను తరిగివేసి, అది కరగిన పిదప నూరిన ముద్దను వేసి, అంచులందు నూనె తేలువరకు కలియబెట్టుడు. ముద్దలోని తేమ ఇగిరిపోయినదనుటకు ఆ నూనెయే గుర్తు. అప్పుడు మాత్రమే కట్టును, నిమ్మకాయంత చింతపండు రసమును, పసుపును, ఉప్పును చేర్చి, సన్నని సెగపై ఇరువది నిమిషములు కాగనిండు. దింపిన పిదప అరగంట ఆగినచో ఇంకను చిక్కబడును. సంగటి ముక్కను అద్ది యెత్తినపుడు పులుసు దానిని పట్టుకొని యుండవలెను, జారిపోరాదు.

అప్పటికిని పలుచగా నున్నచో రాగిపిండినో, వేయించిన సెనగపప్పు పొడినో ఒక చెంచా తీసికొని, చల్లని నీటిలో కలిపి పోసి, అయిదు నిమిషములు కాచుడు. పొడిపిండిని మరుగు పులుసులో చల్లరాదు. పైపొర వెంటనే ఉడికి మూసికొనుటచే లోపల పిండి పచ్చిగా నుండి ఉండలు కట్టును. ముక్క కావలెనన్నవారు వంకాయలనో, మునగకాయలనో వేసికొనవచ్చును.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో నవంబరు నెల నాలుగవ గురువారమున కృతజ్ఞతాదినమను పండుగ జరుపుకొందురు. టర్కీకోడిని పెనములో కాల్చి, దానినుండి కారిన రసమును, క్రొవ్వును పిండితో కాచి గ్రేవీ యను పులుసు చేయుదురు. కారిన రసము లేనప్పుడు వారును పిండిని వెన్నలో ఎర్రగా వేపి, ఎర్రగడ్డలను వేపి, కాచి వడగట్టిన కట్టు పోసి అదే పనిని సాధింతురు. మన తెలుగుబిడ్డలు అచ్చట వేలకొలది కాపురములున్నారు. ఆ గ్రేవీకిని మన పులుసునకును సూత్రమొక్కటే: నీరు తగులకమునుపే రుచి పుట్టవలెను.

కొన్ని జాగ్రత్తలు చెప్పవలసియున్నవి. బూజు పట్టిన, ముడుచుకొనిన, రంగు మారిన చెనక్కాయ గింజలను ఏరి పారవేయుడు. ఆ బూజునందు అఫ్లాటాక్సిన్ అను విషముండవచ్చును. అది కాలేయమునకు హాని. వేపినను, ఉడికించినను పూర్తిగా పోదు. చెనక్కాయ గిట్టని వారు కొందరుందురు. అతిథిని ముందే అడుగుట మేలు. అంగళ్లలో దొరకు పులుసు బిళ్లలలో ఉప్పు మిక్కుటము. రక్తపు పోటు గలవారు వానిని నమ్ముకొనరాదు. మరియొక మాట. ఈ పులుసు రుచిలో కోడికి సాటి కావచ్చును, మాంసకృత్తులను ఇయ్యవచ్చును. కాని బి12 అను విటమిను ధాన్యములలోను, గింజలలోను లేదు. మాంసము ముట్టనివారు పాలు, పెరుగు విడువరాదు.

తుదకు ఒక విషయము. చెనక్కాయయు, మిరపకాయయు, టమాటాయు అమెరికా ఖండములనుండి గడచిన అయిదువందల యేండ్లలో మన దేశమునకు వచ్చినవి. అంతకుముందు మన పెద్దలకు కారమునకు ముఖ్యముగా మిరియము వంటివే గతి. నేడు రాయలసీమ రుచి యనుకొనునది, లేనిదానికై యేడువక, దొరకినదానితో నేర్పుగా వండిన తల్లుల సృష్టి. వారికి మయారును తెలియదు, ఇకెడాయు తెలియదు. సెగ తెలియును, ఓపిక తెలియును. కావున చుట్టము వచ్చినపుడు పెరటిలోని పెట్టవైపు చూడనక్కరలేదు. దానిని గ్రుడ్లు పెట్టనిండు. ఉలవలు నానవేసి, ఎర్రగడ్డలను పావుగంట వేపుడు. విస్తరిలో ముక్క లేకున్నను ఆ యింటి మర్యాదకు లోటు రాదు.