బొచ్చుకోటు, పట్టుచీర, గొంగడి: ధరించువాని ధర్మము

రోహిణికార్తెలో మానుకోట బజారున నిలిచి బొచ్చుకోటు మాట ఎత్తినచో విన్నవారు నవ్వక మానరు. మింకు, నక్క మొదలగు జంతువుల తోలును బొచ్చుతో సహా ఒలిచి, కోటుగా కుట్టి తొడుగుకొనుట చలిదేశముల అలవాటు. అది ధర్మమా, కాదా అను వాదము గూడ ఎక్కువగా ఆ దేశములలోనే పెరిగినది. అయినను దానిని పరుల తగవని మనము త్రోసివేయుటకు వీలులేదు. మన ఇంటి పెట్టె తెరచి, పెండ్లినాటి పట్టుచీరను చేతిలోనికి తీసికొన్నచో అదే ప్రశ్న మనకును ఎదురగును. ఒక ప్రాణి దేహమునుండి వచ్చిన దానిని మనము కట్టుకొనునపుడు, అందుకు చెల్లిన మూల్యమెంత? దానిని చెల్లించినది ఎవరు?

ముందుగా బొచ్చుకోటు సంగతి చూతము. దానిని కాదనువారి వాదము సులభముగా అర్థమగును. మింకు అనునది నీటి ఒడ్డున తిరుగాడు చిన్న మాంసాహార జంతువు. దానిని తీగెల పంజరములలో పెంచి, కేవలము తోలుకొరకే విషవాయువుతో చంపుదురు. చలికి ఉన్ని, ప్రత్తి, ఇతర వస్త్రములు ఉండగా ఈ వధ ఎందుకని వారు అడుగుదురు. అవుననువారి మాటలోను కొంత బలము కలదు. మంచుసీమలలో వేటపై బ్రతుకు జాతులకు బొచ్చుతోలు విలాసము కాదు, ప్రాణరక్షణ. కృత్రిమపు బొచ్చు చాలవరకు పెట్రోలియమునుండి పుట్టును. అది మన్నులో సులభముగా కలియదు.

వాదము ఇట్లుండగా చట్టములు ముందునకు సాగినవి. ఇంగ్లండు, వేల్సులలో బొచ్చుకొరకు జంతువులను పెంచుటను నిషేధించుచు 2000లో చట్టము చేయబడినది. 2020లో డెన్మార్కు దేశమున మింకులకు కరోనా సోకగా, అక్కడి ప్రభుత్వము పెంపకములోని మింకులన్నిటిని చంపవలసినదిగా ఆదేశించెను. వాని సంఖ్య సుమారు కోటిన్నర. మన దేశము 2017 జనవరిలో మింకు, నక్క, చించిల్లా తోళ్ల దిగుమతిని నిలిపివేసినది. అంతకు పూర్వమే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పులితోలు, జింకతోలు వంటి వాని వర్తకమునకు అడ్డుకట్ట వేసినది. ఒకప్పుడు వేటకాని గోడపై గొప్పగా వ్రేలాడిన పులితోలు నేడు అనుమతిపత్రము లేనిచో నేరమునకు సాక్ష్యము.

ఇక మన పట్టు సంగతి. భూపాలపల్లి జిల్లాలో గోదావరి చెంతనున్న మహాదేవపూర్ దసలి పట్టుకు పేరుపొందిన చోటు. 2016లో జిల్లాలను విభజించువరకు అది కరీంనగరు జిల్లాలోనిది. దసలి పురుగు మల్బరీ పురుగువలె ఇంటిలో తట్టలపై పెరుగునది కాదు. అడవిలో నల్లమద్ది, తెల్లమద్ది చెట్ల ఆకులు తిని, ఆరుబయటనే పెరుగును. గ్రుడ్లనుండి వెలువడిన పిల్లపురుగులను పెంపకందారులు చెట్లపైకి ఎక్కింతురు. అవి నాలుగుమారులు కుబుసము విడిచి, నెలకు పైగా మేసి, కొమ్మకు ఒక కాడతో వ్రేలాడునట్లు గట్టి గూడు కట్టుకొనును. ఆ దినములన్నియు మనిషి చెట్టుక్రిందనే కాపలా యుండవలెను. పైనుండి పక్షులు, మొదలునుండి చీమలు, లోపలినుండి వ్యాధులు పురుగును హరించును. ఒక్క పెద్దవాన పంటనంతయు పోగొట్టవచ్చును. ఈ పనిలో ఆదివాసి కుటుంబములు అనేకము కలవు.

గూడు కట్టిన పురుగు లోపల ప్యూపాగా మారి, కొంతకాలమునకు రెక్కల పురుగై బయటికి వచ్చును. దానికి తినుటకు నోరు పనిచేయదు. కొద్దిదినములు బ్రతికి, గ్రుడ్లు పెట్టి మరణించును. అది బయటికి వచ్చునపుడు గూటికి రంధ్రము పడును. రంధ్రము పడిన గూటినుండి తెగని పొడవైన పోగు లాగుటకు వీలుకాదు. అందుచేతనే అది వెలువడకముందే గూళ్లను ఆవిరిలోనో, వేడినీటిలోనో, ఎండలోనో ఉంచి లోపలి ప్రాణిని చంపుదురు. మల్బరీ పట్టులో ఒక కిలో ముడిపట్టునకు సుమారు నాలుగైదు వేల గూళ్లు కావలెను. చీరలో అరకిలో పట్టున్నదనుకొన్నను, రెండువేలకు పైగా ప్రాణములు అందులో చేరియున్నవన్నమాట.

ఈ లెక్క మనస్సులో కలుక్కుమనిపించినవారు మనలో లేకపోలేదు. మడికి పట్టే పవిత్రమని మన పెద్దలు తలచిరి. కాని కంచి పరమాచార్యులు పట్టును విడువవలెనని బోధించిరి. 1990 ప్రాంతమున నాటి రాష్ట్రపతి వెంకటరామన్ గారి సతీమణి జానకి గారు, పురుగును చంపక నేసిన పట్టు దొరకునా అని హైదరాబాదులో ప్రశ్నించిరి. చేనేత సంస్థ ఆప్కోలో ఉద్యోగియైన కుసుమ రాజయ్య గారు ఆ ప్రశ్నను వదలలేదు. రెక్కల పురుగు తానై ఎగిరిపోయిన పిమ్మట మిగిలిన గూళ్లను ప్రత్తివలె వడికి, నూలు చేసి, 'అహింసా పట్టు' నేయించిరి. ఆ పద్ధతికి పేటెంటు కూడ పొందిరి. ఈ బట్టకు నిగనిగ తక్కువ, మెత్తదనము ఎక్కువ. దారము తక్కువగా వచ్చును, శ్రమ పెరుగును, కనుక ధరయు హెచ్చును.

అయితే ఇంతటితో చిక్కు తీరినదా? తీరలేదు. వేల ఏండ్ల పెంపకముచేత మల్బరీ పట్టుపురుగు ఎగురుశక్తిని కోల్పోయినది. దానిని బయటికి రానిచ్చినచో అది వందల గ్రుడ్లు పెట్టును. ఆ పిల్లలన్నిటికి ఆకు వేయువారెవరు? వేయనిచో అవి ఆకలితో చచ్చును. పురుగుకు బాధ ఎంతవరకు తెలియునను విషయమున శాస్త్రజ్ఞులు ఇంకను ఏకాభిప్రాయమునకు రాలేదు. బ్రిటనులో 2022లో వచ్చిన చట్టము ఎండ్రకాయలను, ఆక్టోపసులను గూడ బాధ తెలిసిన ప్రాణులుగా గుర్తించినదేగాని, కీటకములను అందు చేర్చలేదు. కాబట్టి మింకు, పట్టుపురుగు ఒక్కటే అనువారును, పురుగును లెక్కచేయనక్కరలేదు అనువారును తొందరపడుచున్నారని నా అభిప్రాయము.

పైగా ఈ విచారము పురుగుతోనే ఆగరాదు. మన దేశపు దసలి ప్రాంతములలో స్త్రీలు గంటలతరబడి కూర్చుండి, తమ తొడపై రుద్ది పోగు పురిపెట్టుట చిరకాలపు పద్ధతి. చర్మము ఒరసికొనిపోవు ఈ బాధను తొలగించుటకై యంత్రములు ప్రవేశపెట్టబడుచున్నవి. పురుగు నొప్పిని గురించి చర్చించువారు ఈ నొప్పిని మరచుట న్యాయము కాదు.

ప్రాణము తీయని వస్త్రము మనకు కొత్తదియు కాదు. జనగామ ప్రాంతపు కురుమలు దక్కని గొఱ్ఱెల ఉన్నిని కత్తిరించి, వడికి, చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గముపై నల్లగొంగడి నేసిరి. వానలో గొడుగు, చలిలో దుప్పటి, రాత్రి పడక అదియే. గొఱ్ఱె బ్రతికియుండును, ఉన్ని మరల పెరుగును. కాని మనము గొంగడి కొనుట తగ్గించితిమి. ఉన్నికి ధర పోగా, మాంసమునకు లాభించు నెల్లూరు జాతి గొఱ్ఱెలు దక్కని గొఱ్ఱెల స్థానమును ఆక్రమించినవి. అహింసను మెచ్చుకొనుచునే దానికి వెల ఇయ్యనిచో ఏమగునో గొంగడి మనకు చూపినది.

దసలి విషయమునను ఇదియే భయము. దయగలవారమని మనము ఒక్కమారుగా దసలి పట్టును మానివేసినచో, నష్టపోవునది మద్దిచెట్టు క్రింద కాపలా కాచిన కుటుంబము. పురుగుకు ఆకు కావలెను గనుక చెట్టును నరుకకుండ నిలుపుకొనుటకు ఆ కుటుంబమునకు ఒక కారణము కలదు. ఆదాయము పోయినచో ఆ కారణమును పోవును. రంధ్రము పడిన గూళ్లనే ఇమ్మని అడిగి, వానికి తక్కువ ధర కట్టినను ఫలితమదియే. విత్తనపు గ్రుడ్లకై ఉంచిన గూళ్లనుండి రెక్కల పురుగులు ఎట్లును వెలువడును. ఆ గూళ్లను వడికి నేసిన దసలి బట్టలో వధ లేదు. అట్టి బట్టను వెదకి, న్యాయమైన ధరకు కొనుట మన చేతిలోని పని.

నా మనవి ఒక్కటే. అవసరము లేని విలాసమునకై, బాధ స్పష్టముగా తెలిసిన జంతువును చంపుట తగదు. అందుచేత మింకుకోటు విషయమున నాకు సందేహము లేదు. పట్టు విషయమున మాత్రము తీర్పు అంత సులభము కాదు. ఎవరి మనస్సు ఎట్లు నిర్ణయించినను, ఆ నిర్ణయపు ఖర్చును కట్టుకొనువారే భరింపవలెను. పెంచువారిపై, నేయువారిపై మోపరాదు. రాబోవు పెండ్లికి చీర కొనబోవునపుడు, రంగు, అంచు చూచిన పిమ్మట, ఇది ఏ గూటి పట్టు, ఎక్కడ పెరిగినది, ఎవరు వడికినది అని దుకాణదారుని అడుగుడు. అతనికి తెలియకపోవచ్చును. పదిమంది అడిగిన పిమ్మట తెలిసికొనును.