పది సెకన్ల గడువు

కెమెరా ముందు ఒకరుండాలి, వెనక ఒకరుండాలి. ఆ ఇద్దరూ ఒక్కరే కావాలంటే ఎలా? ఈ చిక్కు విప్పడానికి పుట్టిన చిన్న యంత్రమే సెల్ఫ్ టైమర్. లెన్సులకూ ఫిల్ముకూ దక్కిన గౌరవం దానికి దక్కలేదు. సెలవు రోజున ఇంట్లో ఒంటరిగా తన ముఖం మీదే ప్రయోగాలు చేసుకునే ఔత్సాహికుడికి మాత్రం అంత మేలు చేసిన భాగం కెమెరాలో మరొకటి లేదని నా నమ్మకం.

మొదట్లో అసలు దాని అవసరమే రాలేదు. 1839లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కొర్నీలియస్ అనే యువకుడు తన కుటుంబం నడిపే దీపాల దుకాణం దగ్గర ఆరుబయట కెమెరా పెట్టుకున్నాడు. లోహాలకు పూత వేయడంలో చేయి తిరిగినవాడు కాబట్టి డాగెరోటైపు అనే తొలినాటి ఫోటో పద్ధతికి కావలసిన వెండి పూత రాగి రేకు తయారీ అతనికి కష్టం కాలేదు. లెన్సు మూత తీశాడు, ఎదురుగా వెళ్లి కదలకుండా ఉన్నాడు, తిరిగొచ్చి మూత పెట్టాడు. ఆ రేకు మీద బొమ్మ పడటానికి చాలాసేపు పట్టేది. మనిషి నడిచి వెళ్లిన క్షణాలు దాని మీద జాడ వదలవు. చెదిరిన జుట్టుతో, చేతులు కట్టుకుని ఉన్న కొర్నీలియస్ ఆ చిత్రంలో నడిమధ్యన లేడు, ఓ పక్కకు జరిగి ఉన్నాడు. వెనక నిలబడి సరిచూసేవాళ్లు లేనప్పుడు అలాగే ఉంటుంది. అలా పక్కకు జరిగి ఉండటం వల్లే నాకు ఆ చిత్రం మీద ఇష్టం.

మరుసటి ఏడాది పారిస్‌లో ఇపోలిత్ బయార్ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. ఆయన ఫ్రెంచి ఆర్థిక శాఖలో ఉద్యోగి, తీరిక వేళల్లో రసాయనాలతో కుస్తీ పట్టేవాడు. వెండి క్లోరైడు పట్టించిన కాగితాన్ని ఎండలో పూర్తిగా నల్లబడనిచ్చి, పొటాషియం అయొడైడులో తడిపి కెమెరాలో పెట్టేవాడు. వెలుతురు తగిలిన చోటల్లా కాగితం తెల్లబారేది. నెగెటివ్ అక్కర్లేకుండా నేరుగా బొమ్మే వచ్చేది. పేరూ ప్రభుత్వ పింఛనూ మాత్రం డాగెరోటైపును కనిపెట్టిన డాగెర్‌కు దక్కాయి. 1840లో బయార్ నడుము పైన బట్టల్లేకుండా, కళ్లు మూసుకుని, నీట మునిగి చనిపోయిన మనిషిలా ఒరిగి తన ఫోటో తానే తీసుకున్నాడు. తనకు అన్యాయం జరిగిందని దాని వెనక రాసిపెట్టాడు. ఎండకు కమిలిన ముఖమూ చేతులూ ఆ బొమ్మలో నల్లగా పడితే, శవం కుళ్లడం మొదలైందని కథకు తగ్గట్టు చెప్పుకున్నాడు. నిమిషాల తరబడి రెప్ప వేయకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. శవానికి ఆ ఇబ్బంది లేదు. పరికరం పెట్టిన పరిమితిలోంచే ఆయనకు పాత్ర దొరికింది. ఔత్సాహికుల సృజన చాలావరకు ఇలాగే పుడుతుంది.

1870ల చివర్లో జెలటిన్ పొడి ప్లేట్లు వాడుకలోకి రావడంతో నిమిషాల పని సెకనులో చిన్న భాగానికి కుదించుకుపోయింది. ఇక లెన్సు మూత తీసి పరుగెత్తితే ఏం లాభం? మనిషి చేరేలోపే ఫోటో అయిపోతుంది. కొందరు పొడవాటి గొట్టం చివర రబ్బరు బల్బు పెట్టి, గుప్పిట్లో దాచుకుని నొక్కేవారు. కొందరు అద్దాన్ని ఆశ్రయించారు. 1914లో పదమూడేళ్ల రష్యా రాకుమారి అనస్తాసియా కుర్చీ మీద పెట్టెకెమెరా పెట్టి అద్దంలో తనను తీసుకుంది. మన దేశంలో చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ తండ్రి ఉమ్రావ్ సింగ్ 19వ శతాబ్దం చివరి నుంచి అర్ధశతాబ్దానికి పైగా తన రూపాన్ని తానే ఫోటోలుగా తీసుకుంటూ వచ్చారు. ఆయన సంస్కృత, పారశీక పండితుడు. ఫోటోగ్రఫీ వృత్తి కాదు, వ్యసనం. యోగసాధకుడిగా, చదువరిగా, వృద్ధుడిగా ఒక మనిషి వయసంతా ఆ చిత్రాల్లో కనిపిస్తుంది.

20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దవైన గడియారపు యంత్రాలు అంగళ్లలోకి వచ్చాయి. కెమెరా కేబుల్‌కు తగిలించి కీ ఇస్తే, కాసేపటికి అదే మీట నొక్కేది. తర్వాత జర్మన్ తయారీదారులు దాన్ని షట్టర్ లోపలే ఇమిడ్చారు. 1954 నాటి లైకా ఎం3 ముందు భాగంలో లెన్సు పక్కన కనిపించే చిన్న మీట అదే. మీట తిప్పితే లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది. వదిలితే ఆ స్ప్రింగు ఒక్కసారిగా విప్పుకోవాలని చూస్తుంది. వరుసగా ఉన్న పళ్లచక్రాలు ఆ వేగాన్ని పెంచుకుంటూ చివరి చక్రానికి అందిస్తాయి. అక్కడ రెండు కొక్కేలున్న చిన్న లోహపు ముక్క అటూ ఇటూ ఊగుతూ ఒక్కో పన్నునూ ఆపి ఆపి వదులుతుంది. చెవికి వినిపించే ఆ 'జుర్ర్' శబ్దం దానిదే. పది సెకన్లు అటూ ఇటూగా మీట తన చోటికి చేరుకుని షట్టర్‌ను విడిపిస్తుంది. ఏళ్ల తరబడి వాడని కెమెరాల్లో నూనె గట్టిపడి మీట మధ్యలోనే ఆగిపోతుంది. పాత కెమెరా కొంటే ముందుగా ఆ మీట జోలికి పోవద్దని బాగుచేసేవాళ్లు చెప్పేది అందుకే.

ఈ యంత్రం సమయం ఇస్తుంది కానీ చూపు ఇవ్వదు. ఫోకస్ ఎక్కడ కుదరాలో ముందే తేల్చుకోవాలి. నేను కుర్చీ వెన్ను మీద ఫోకస్ కుదిర్చి, నేల మీద సుద్దతో గీత గీసి, వచ్చి అక్కడ నిలబడతాను. లెక్క కూడా తోడ్పడుతుంది. 35 ఎం.ఎం. ఫిల్ము కెమెరాకు 50 ఎం.ఎం. లెన్సు బిగించి 3 మీటర్ల దూరానికి ఫోకస్ పెడితే, ఎఫ్/2 దగ్గర సుమారు 2.8 నుంచి 3.2 మీటర్ల మధ్య ఉన్నదే స్పష్టంగా పడుతుంది. లెన్సు ద్వారాన్ని ఎఫ్/8కి తగ్గిస్తే ఆ పరిధి 2.3 నుంచి 4.2 మీటర్ల దాకా విస్తరిస్తుంది. అంటే దాదాపు రెండు మీటర్ల స్వేచ్ఛ. అక్కడ తల తిప్పవచ్చు, దుప్పటి విసరవచ్చు, కిటికీ వెలుతురులోకి సగం జరగవచ్చు. షట్టర్ వేగాన్ని ఒక సెకనుకు తగ్గిస్తే కదిలిన చేయి పొగలా పడుతుంది. 1970ల్లో అమెరికన్ యువతి ఫ్రాన్సెస్కా వుడ్‌మన్ ఖాళీ గదుల్లో తన దేహాన్నే అలా మసకబరచి తీసిన చిత్రాలు నేటికీ కొత్తగా ఉంటాయి.

1976లో వచ్చిన కానన్ ఏఈ-1లో చక్రాల పని ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌కు అప్పగించారు. జుర్రుమనే శబ్దం పోయి, మినుకుమినుకుమనే ఎర్రదీపం వచ్చింది. 1995లో కాసియో క్యూవీ-10 లెన్సును తిప్పి తనవైపు పెట్టుకుంటే వెనక తెర మీద తన బొమ్మ తనకే కనిపించింది. 1999లో జపాన్‌లో క్యోసెరా ఫోనుకు ముఖం వైపే కెమెరా పెట్టారు. చూసుకుంటూ తీసుకోవడం ఆ తర్వాత క్రమంగా మామూలైపోయింది. అది మంచి సౌకర్యమే. కానీ తెరలో ముఖం కనిపిస్తున్నంతసేపూ మనం ఆ ముఖాన్నే సర్దుకుంటూ ఉంటాం. గదిని, వెలుతురును, వెనకున్న గోడను చూడం. చేయి చాచినంత దూరం దాటి కెమెరా వెనక్కి జరగదు కూడా.

2014లో ఐఫోన్ కెమెరాలో 3, 10 సెకన్ల టైమర్ చేరింది. ఇప్పుడు దాదాపు ప్రతి ఫోన్లోనూ అది ఉంది. ఫోన్లలో వెనక కెమెరాకు సాధారణంగా పెద్ద సెన్సర్, మెరుగైన లెన్సు ఉంటాయి. మసక వెలుతురులో ఆ తేడా బాగా తెలుస్తుంది. అందుకే డాబా పిట్టగోడ మీద ఇటుకకు ఆనించిన ఫోను తెరను అవతలికి తిప్పి, టైమర్ నొక్కి, ట్యాంకు పక్కన తాను అనుకున్న చోటికి పరుగెత్తే కుర్రాళ్లు ఇప్పుడు చాలామంది కనిపిస్తున్నారు.