చల్లార్చడంలోనే ఉంది పంటి క్యాప్ గట్టిదనం

తెనాలి: ఆవం చల్లారనిదే కుమ్మరి కుండలు తీయడు. తీస్తే పగులుతాయి. పంటి క్యాప్ సంగతీ ఇంతే. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో క్యాప్ వేయించుకునే గ్రామస్థులు ఇది తెలుసుకోవాలి.

గట్టిదైన జిర్కోనియాను సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. అందం కోసం దానిపై పింగాణీ పూసి, అంతకన్నా తక్కువ వేడిలో మళ్లీ కాలుస్తారు. జిర్కోనియా వేడిని త్వరగా వదలదు. కొలిమి నుంచి గబుక్కున తీస్తే పైపొర ముందే బిగిసి, ఒత్తిడి లోపలే ఉండిపోతుంది. అది కంటికి కనిపించదు. కొన్నాళ్లకు ఏ జంతికో కొరికినప్పుడు పింగాణీ పెచ్చు లేస్తుంది. చివరిసారి కాల్చాక నిదానంగా చల్లార్చితే ఈ ముప్పు తగ్గుతుంది.

పింగాణీ పూత లేని జిర్కోనియా క్యాపులూ ఉన్నాయి. వాటికి పూత ఊడే బెడద లేదు. దవడ పళ్లకు ఏది తగునో డబ్బు కట్టక ముందే దంతవైద్యుణ్ణి అడగాలి.