క్రిస్మసు చెట్టును, ఇంటిపిల్లియు

“పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము” అని మనలో నొక సామెత కలదు. చెలగాటమును పిల్లిదే, ప్రాణసంకటమును పిల్లిదే యగు దినములు సంవత్సరమున కొకమాఱు వచ్చునని 2022వ సంవత్సరపు డిసెంబరు మాసమున మాకు తెలియవచ్చినది. అవి ఇంటిలో క్రిస్మసు చెట్టు నిలుపు దినములు. చెట్టును పిల్లిని ఒకే కప్పుక్రింద నుంచుకొను సోదరీమణుల కుపకరించునను తలంపుతో మా యనుభవము నిచట తెలుపుచున్నాము.

చెట్టు నిలుపు నాచారము జర్మను దేశమున పుట్టినది. 16వ శతాబ్దినాటికే అక్కడి వారు డిసెంబరు మాసమున చెట్టును తెచ్చి అలంకరించుచుండిరి. మూడవ జార్జి రాజు భార్యయగు షార్లెటు రాణి ఆ దేశపు ఆడపడుచు. ఆమె 1800వ సంవత్సరమున విండ్సరునందు పిల్లలకొఱకు చెట్టు నొకదానిని పెట్టించెను. 1848లో విక్టోరియా రాణియు, భర్తయు, బిడ్డలును చెట్టుచుట్టు నిలిచిన చిత్రమొకటి లండను పత్రికయందు వెలువడినది. దానిని జూచి సామాన్య గృహములవారును ఆ యాచారము నవలంబించిరి. అప్పుడు కొమ్మలపై మైనపువత్తులు వెలిగించెడివారు. 1882లో న్యూయార్కు నగరమున ఎడ్వర్డు జాన్సను అను నాతడు తన యింటి చెట్టునకు విద్యుద్దీపములు చుట్టెను.

ఆ దేశములలో స్ప్రూసు, ఫర్ మొదలగు శీతలదేశపు చెట్లు దీనికి వాడుదురు. సముద్రతీరమున నుండు మా వంటి తెలుగు క్రైస్తవకుటుంబములకు అవి యెక్కడివి? ఇసుకనేలలలో పెరుగు సరుగుడు కొమ్మయే మాకు క్రిస్మసు చెట్టు. మా మామగారు బ్రతికియున్న కాలమున పండ్రెండు రంగుల గాజుబుడ్డులు కొని తెచ్చిరి. ఏటేట మా అత్తగారు వానిని దూదిలోనుండి తీసి, తమ చీరచెఱగుతో తుడిచి, తామే స్వయముగ కట్టుదురు. 2022 నాటికి తొమ్మిది మిగిలియుండెను.

ఆ సంవత్సరము మా యింట పదినెలల ఆడపిల్లిపిల్ల యొకటి కలదు. మా అమ్మాయి దానికి చిట్టియని పేరు పెట్టినది. చెట్టు నిలిపిన మొదటి రాత్రియే చిట్టి దానిపై కెక్కెను. చెట్టు ప్రక్కకు ఒరిగి పడినది. గాజుబుడ్డులు మూడు పగిలినవి. అత్తగారు ఆ పెంకులను ఒడిలో నేరుకొనుచు, “అమ్మాయీ, ఈ యింట చెట్టయినను ఉండవలెను, పిల్లియయినను ఉండవలెను” అనిరి. మా అమ్మాయి యేడ్చినది. మేము చెట్టును కిటికీ ఊచకు త్రాటితో బిగించి, ఇక భయము లేదని నిశ్చింతగ నుంటిమి.

కాని యపాయము చెట్టు పడుటలో లేదు. కొమ్మలకు చుట్టిన వెండి తళుకుదండలో నున్నది. మూడవనాడు చిట్టి పాలు ముట్టలేదు. రెండుమాఱులు కక్కుకొని మంచముక్రింద దూరి పండుకొనినది. అజీర్ణమని తలచి ఆ దినమంతయు ఊరకుంటిమి. ఆ యూరకుండుటయే మా తప్పు. రాత్రి అత్తగారు దీపము పట్టుకొని మంచముక్రింద వంగి చూచి, “దీని నాలుకక్రింద ఏదో మెఱయుచున్నది” అనిరి. మేము పట్టి లాగబోగా చిట్టి మా వ్రేలిని గట్టిగ కఱచినది. ఆ కాటుతో చేయి వెనుకకు తీసికొంటిమి.

తెల్లవారినతోడనే పట్టణమునకు గొనిపోగా పశువైద్యుడు మొదట మా వ్రేలిని చూచి, సబ్బుతో కడిగి ఆసుపత్రికి పొండని చెప్పెను. పిమ్మట, “ఆ కాటు దాని ప్రాణము కాచినది. లాగియుండినచో ప్రేగు తెగియుండును” అనెను. ఆయన చెప్పిన సంగతిని ప్రతి గృహిణియు జ్ఞాపకముంచుకొనవలయును. పిల్లి నాలుకపై గొంతువైపునకు వంగిన ముండ్లు కలవు. నోట పడిన దారమును ఉమియుట దానికి కష్టము. నాకినకొలదియు అది లోపలికే పోవును. ఒక కొస నాలుకక్రింద తగుల్కొనగా, రెండవకొస ప్రేగులలోనికి దిగును. ప్రేగు ఆహారమును ముందునకు త్రోయుటకై కదలునపుడెల్ల, బొందుపై లంగాగుడ్డ కుచ్చులు పడునట్లు, ఆ దారముపై ముడుతలు పడి చేరును. బిగిసిన దారము రంపమువలె లోపలినుండి కోయును. అన్నము మానుట, కక్కుట, చీకటిమూల దాగుట దీని గుఱుతులు. నోటియందుగాని వెనుకభాగమునగాని దారము కనబడినచో లాగరాదు. కక్కించుటకు ఇంటిమందు లేవియు పోయరాదు. వెంటనే వైద్యునియొద్దకు గొనిపోవలయును.

చిట్టికి శస్త్రచికిత్స జరిగినది. క్రిస్మసు నాటి రాత్రి మేమందఱము దేవాలయమునకు బయలుదేఱునపుడు అత్తగారు రామనిరి. ఏబదియేండ్లలో ఆ రాత్రి ఆరాధనను వారు మానుట మే మెఱుగము. మేము తిరిగి వచ్చునప్పటికి వారు కుర్చీలో కూర్చుండి, కట్టుకట్టిన చిట్టిని తమ ఒడిలో నుంచుకొని మేలుకొనియే యుండిరి. చెట్టో పిల్లియో యను మాట మఱల మా యింట వినబడలేదు.

తరువాత యోచించి చూడగా తప్పు పిల్లిది కాదని తోచినది. అది చెట్టెక్కుటకే పుట్టిన జంతువు. కదలు వస్తువుపై దుముకుట దాని వేటబుద్ధి. ఏడాదిలో పదునొకొండు నెలలు వట్టిదిగ నున్న మూలయందు ఒకనాడు చెట్టు మొలచి, దానినుండి మెఱయుచు ఊగునవి వ్రేలాడినచో అది యెట్లు ఊరకుండును? కొట్టినను, నీళ్లు చల్లినను అది మనలను జూచి భయపడుట నేర్చుకొనునేగాని చెట్టును విడువదు. కావున సవరించుకొనవలసినది మన యలంకరణమే. నాటినుండి మేమనుసరించు పద్ధతు లివి:

చెట్టును బల్లకును, బీరువాకును, కిటికీగట్టునకును దూరముగ నుంచవలయును. పిల్లి నాలుగైదడుగుల యెత్తునకు సులభముగ ఎగురగలదు. మొదలు తడియిసుక నింపిన బరువైన తొట్టిలో పాతి, నడిమిభాగమును గోడకొక్కెమునకు కట్టవలయును.

చెట్టును తెచ్చిన దినముననే అలంకరింపక రెండుమూడు దినములు వట్టిదిగ నుంచుట మేలు. వాసన చూచి, చుట్టు తిరిగి, పిల్లి ఆ క్రొత్తదనమును మఱచును.

తళుకుదండలు, జరీదారములు, కానుకలకు కట్టు పట్టునాడాలు ఇంటికే తేరాదు. క్రింది మూడవభాగమున గుడ్డతోను, దళసరి కాగితముతోను, తాటియాకుతోను చేసిన నక్షత్రములను ఊగకుండ కొమ్మకు దగ్గఱగ బిగించి కట్టవలయును. గాజువస్తువులును, తీగకొక్కెములును పైభాగముననే యుండవలయును.

దీపముల తీగ పిల్లి కొఱికినచో నోరు కాలుటయేగాక ప్రాణమును పోవచ్చును. క్రిందికి వ్రేలాడు తీగను గొట్టములో దూర్చి, ఎవరును లేనప్పుడు మీట నార్పవలయును. సరుగుడు కొమ్మ త్వరగ ఎండును గనుక అగ్నిభయమునకును ఇదియే మందు. నీళ్లతొట్టిలో కొమ్మ నుంచువారు అందు ఎరువుగాని మందుగాని కలుపక, పైన మూత వేయవలయును. పిల్లి ఆ నీటిని త్రాగును.

పూలవిషయమునను జాగ్రత్త వలయును. పండుగకు గుత్తులుగ కొనితెచ్చు విదేశపు లిల్లీలు పిల్లికి ఘోరవిషము. ఆకైనను, పుప్పొడియైనను, కూజాలోని నీరైనను కడుపులో బడినచో రెండుమూడు దినములలో మూత్రపిండములు చెడును. మనము లిల్లీలని పిలుచు నేలసంపంగులు వేఱు జాతివి. ఎఱ్ఱని ఆకుల పాయిన్‌సెట్టియా అంతటి విషము కాదు. దాని పాలు నోటిని మండించి కక్కించును. చాకొలెట్టును, ఉల్లి వెల్లుల్లి వేసిన కూరలును పిల్లికి పెట్టరాదు. ఉల్లిజాతి దాని రక్తములోని ఎఱ్ఱకణములను చెఱచును.

తుదిమాట యొకటి. వలదనుటతో మాత్రము సరిపుచ్చక, దానికి తగినదానిని మన మీయవలయును. గోనెపట్టా చుట్టిన గుంజ నొకదానిని ఎక్కుటకు పాతితిమి. దీపములు వెలిగించుటకు ముందు మా అమ్మాయి కఱ్ఱకు కట్టిన గుడ్డయెలుకతో పావుగంట చిట్టిని ఆడించి, ఆట ముగియగనే ఆ యెలుకను పెట్టెలో దాచును. అలసిన పిల్లి అన్నము తిని నిద్రించును.

ఇప్పుడు మా చెట్టు క్రిందిభాగమున తాటియాకు నక్షత్రములును, పైన మామగారి గాజుబుడ్డులు ఆఱును కలవు. వానిని అత్తగారే కట్టుదురు. వారు కుర్చీపై కెక్కి కట్టుచున్నంతసేపు చిట్టి కుర్చీక్రింద కూర్చుండి తలయెత్తి చూచుచుండును. “చూచుటకు సుంకము లేదులే, చూడు” అని వారు నవ్వుచుందురు.