ఎడారి నగరాలకు వలస : మేలుకీడులు

బతుకుదెరువు కోసం ఊరు విడిచి పోవడం ఉత్తర తెలంగాణకు కొత్త కాదు. 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అనే మూడు మాటలు ఈ ప్రాంతపు శ్రామికుల చరిత్రను సంగ్రహంగా చెబుతాయి. కొందరు సింగరేణి గనులలో బొగ్గు తవ్వడానికి బెల్లంపల్లి, మందమర్రి చేరారు. కొందరు కట్టడపు పనులకు బొంబాయికి, మగ్గాల పనికి భివండికి తరలిపోయారు. బొంబాయిలోని కామాఠీపురకు ఆ పేరు తెలంగాణ నుండి వెళ్ళిన కామాఠీ కూలీల వలననే వచ్చింది. 1970వ దశకం నుండి మూడవ మాట బలపడింది. ఇక్కడి వాడుకలో దుబాయి అంటే ఒక్క నగరమే కాదు. అబుదాబి, షార్జా, దోహా, మస్కట్, కువైట్, రియాద్ - ఎక్కడికి వెళ్ళినా 'దుబాయి పోయిండు' అనే అంటారు.

ఆదిలాబాద్ జిల్లాలోని ఉట్నూర్ కొండల నడుమ, టేకు అడవుల మధ్య ఉన్న పట్టణం. గోండులు, కొలాములు, నాయకపోడులు, పరధానులు, లంబాడాలు నివసించే ఈ ప్రాంతానికి సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ కేంద్రం కూడా అదే. అడవి దిగి జన్నారం, ఖానాపూర్ల వైపు వస్తే గోదావరి లోయ కనిపిస్తుంది. ఆ లోయకు ఇరువైపులా ఉన్న నిర్మల్, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాలూ, ఇంకా దక్షిణాన ఉన్న సిరిసిల్లా గల్ఫ్ వలసకు పేరుపొందినవి. అక్కడ ఎడారి సొమ్ముతో లేచిన దాబా ఇళ్ళు ఉన్నాయి. ఎడారికి పోయినవారి అప్పుతో కుంగిన ఇళ్ళూ ఉన్నాయి. చదువు ముగించి, పని వెతుక్కొనే ఉట్నూర్ యువకునికి ఈ రెండు దృశ్యాలూ పరిచితమే. పోవడమా, ఉండడమా అనే ప్రశ్నకు ఆశతోనో, భయంతోనో కాక, మేలుకీడులను తూచి సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది.

ఎడారి నగరాలు ఇంతమందిని ఎందుకు పిలుస్తున్నాయి? దుబాయిలో 1966లో చమురు బయటపడింది. 1971లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఏర్పడింది. 1973లో ప్రపంచ విపణిలో చమురు ధర ఒక్కసారిగా పెరగడంతో గల్ఫ్ దేశాలకు అపారమైన ధనం చేరింది. రోడ్లు, ఓడరేవులు, విమానాశ్రయాలు, ఆకాశహర్మ్యాలు నిర్మించడానికి డబ్బు ఉన్నది గాని, పనిచేసే చేతులు లేవు. స్థానిక జనాభా అతి స్వల్పం. నేటికీ ఆ దేశపు జనాభాలో పదింట తొమ్మిది వంతులకు దగ్గరగా విదేశీయులే. తాగునీటిని సైతం సముద్రపు నీటి నుండి ఉప్పు తీసి తయారుచేసికొనే ఆ నేల మీద 2010లో 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా ప్రారంభమైనది. అటువంటి కట్టడాల వెనుక దక్షిణాసియా కూలీల చెమట ఉన్నది. గల్ఫ్ సహకార మండలికి చెందిన 6 దేశాలలో దాదాపు 90 లక్షల మంది భారతీయులు ఉన్నారని అంచనా.

వలస వలన కలిగే మేలును తక్కువ చేయరాదు. మొదటిది, నెలనెలా వచ్చే వేతనం. వానాధారపు పత్తి చేనుకు ఒక ఏడు పంట, ఒక ఏడు మంట. కూలిపని ఉన్ననాడు ఉంటుంది, లేనినాడు ఉండదు. గల్ఫ్‌లో సరైన ఒప్పందం మీద పనిచేసేవానికి ఆ అనిశ్చితి తగ్గుతుంది. అక్కడ వేతనం మీద ఆదాయపు పన్ను లేదు. దిర్హాం విలువ డాలరుతో ముడిపడి ఉన్నందువలన రూపాయి తగ్గినకొద్దీ ఇంటికి చేరే సొమ్ము పెరుగుతుంది. 2005లో దిర్హాముకు సుమారు 12 రూపాయలు వచ్చేవి; 2024 నాటికి అది 22 రూపాయలు దాటింది. ఆ సొమ్ముతో ఎండిన బోర్ల కోసం చేసిన అప్పులు తీర్చినవారు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసినవారు, పిల్లలను పెద్ద చదువులు చదివించినవారు ఎందరో ఉన్నారు. డబ్బుతోపాటు నైపుణ్యమూ వస్తుంది. వెల్డింగ్, విద్యుత్ పనులు, భారీ వాహనాలు నడపడం నేర్చుకొని తిరిగివచ్చినవానికి స్వదేశంలోనూ విలువ పెరుగుతుంది.

అయితే ఈ లాభం అందరికీ ఒకే విధంగా దక్కదు. అందుకు కారణం చాలావరకు ఎడారిలో కాదు, విమానం ఎక్కక ముందు ఊళ్ళో జరిగిన లెక్కలో ఉంటుంది. ఒక ఉదాహరణను పరిశీలించవచ్చు. ఒక కార్మికునికి నెలకు 1,000 దిర్హాముల జీతం అనుకొంటే, తిండికీ ఇతర అవసరాలకూ 400 పోగా 600 మిగులుతాయి. 2024 నాటి మారకం ప్రకారం అది సుమారు 13,500 రూపాయలు. అందులో సగం ఇంటి ఖర్చుకు, సగం అప్పుకు పోతాయనుకొందాం. అతడు వీసా కోసం దళారికి 1,50,000 రూపాయలు ఇచ్చి, ఆ మొత్తాన్ని నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటే, మొదటి నెల వడ్డీయే 3,000 అవుతుంది. అప్పు తీరడానికి సుమారు 30 నెలలు పడుతుంది. ఒప్పందం మాత్రం సాధారణంగా 24 నెలలదే. అదే కార్మికుడు చట్టబద్ధమైన మార్గంలో వెళ్ళి, మొత్తం 50,000 రూపాయలే అప్పు చేసి ఉంటే, ఎనిమిది తొమ్మిది నెలలలో అప్పు తీరిపోయి, మిగిలిన కాలమంతా సంపాదన నిలువ అవుతుంది. మనిషి ఒకడే, నగరం ఒకటే, జీతం ఒకటే. ఒకరికి లాభం, ఒకరికి నష్టం కావడానికి మూలం అప్పు పత్రంలో ఉన్నది.

రెండవ కీడు వీసా స్వభావంలో దాగి ఉంటుంది. కార్మికుని నివాస హక్కు అతనికి పని ఇచ్చిన యజమానితో, అనగా కఫీలుతో, ముడిపడి ఉండడం గల్ఫ్ దేశాలలో చిరకాలంగా ఉన్న పద్ధతి. ఇటీవలి సంవత్సరాలలో ఖతర్ వంటి దేశాలు దీనిని కొంత సడలించాయి. 2020లో అక్కడ పాత యజమాని అనుమతి లేకుండానే పని మారే వీలు కలిగింది. 2021 నుండి నెలకు 1,000 రియాళ్ళ కనీస వేతనం అమలైనది. అయినా ఒప్పందంలో లేని చోట పనిచేయడం నేరమే. దళారులు 'ఆజాద్ వీసా' పేరుతో అమ్మే వీసాలో కఫీలు పేరుకు మాత్రమే ఉంటాడు; చెప్పిన పని ఉండదు. విజిట్ వీసా మీద వెళ్ళి పనిచేయడమూ చట్టవిరుద్ధమే. యజమానిని విడిచి, పత్రాలు లేకుండా తిరిగేవానిని కార్మికులు 'ఖల్లివల్లి' అంటారు. అతనికి జబ్బు చేసినా ఆసుపత్రికి పోవడానికి భయం. ఇంట్లో తండ్రి చనిపోయినా వచ్చే దారి లేదు. ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించేదాకా వేచి ఉండవలసిందే. యు.ఎ.ఇ. 2007లోను, 2018లోను, 2024 సెప్టెంబరు నుండి డిసెంబరు వరకును అటువంటి అవకాశం ఇచ్చింది. ఆ గడువుల మధ్యకాలంలో గడిచిన ఏళ్ళు మాత్రం తిరిగిరావు.

మూడవది శరీరం చెల్లించే మూల్యం. ఆదిలాబాద్ ప్రాంతపు వారికి 45 డిగ్రీల ఎండ కొత్త కాకపోవచ్చు. కాని సముద్రతీరపు ఎడారిలో వేడికి తేమ తోడవుతుంది. చెమట ఆరినప్పుడే ఒళ్ళు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. అందువలననే యు.ఎ.ఇ.లో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుండి 3 గంటల దాకా ఆరుబయట పనిని నిషేధించారు. ఖతర్‌లో ఈ విరామం మరింత దీర్ఘమైనది. ఎండలో చాలినంత నీరు తాగక పనిచేస్తే వడదెబ్బతోపాటు మూత్రపిండాలకూ హాని కలుగుతుంది. నివాసంలోనూ ప్రమాదం పొంచి ఉంటుంది. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులు నివసించే భవనంలో చెలరేగిన మంటలలో నలభై మందికి పైగా భారతీయులు ప్రాణాలు కోల్పోయారు.

నాల్గవది కుటుంబానికి కలిగే ఎడబాటు. యు.ఎ.ఇ.లో భార్యాపిల్లలను వెంట ఉంచుకోవాలంటే నెలకు 4,000 దిర్హాములు, లేదా వసతితోపాటు 3,000 దిర్హాములు సంపాదించాలి. ఇంజనీర్లకు, నర్సులకు, అకౌంటెంట్లకు అది సాధ్యం. కట్టడపు కూలికి అసాధ్యం. కాబట్టి ఒకే నగరం ఇద్దరికి రెండు విధాలుగా కనిపిస్తుంది. చదువుకొన్న ఉద్యోగికి అది కాపురముండే చోటు. లేబర్ క్యాంపులో ఒకే గదిలో పలువురితో కలిసి నిద్రించే కూలికి అది పనిచేసే చోటు మాత్రమే. ఇంటివద్ద వ్యవసాయం, వృద్ధుల సంరక్షణ, పిల్లల చదువు, అప్పులవారి ఒత్తిడి అన్నీ భార్య భుజాల మీద పడతాయి. తండ్రిని ఫోనులో మాత్రమే ఎరిగిన పిల్లలు ఉన్నారు. ఎన్నేళ్ళు పనిచేసినా సామాన్య కార్మికునికి అక్కడి పౌరసత్వం రాదు. పని ముగిసిననాడు తిరిగి రావలసిందే. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాలలో స్వదేశానికి తరలించవలసి వచ్చింది. 2020లో కరోనా కాలంలోనూ వేలాది కార్మికులు పని కోల్పోయి ఇల్లు చేరారు.

ఉట్నూర్ వంటి ఏజెన్సీ ప్రాంతంలో మరొక అంశం కూడా తూకంలోకి వస్తుంది. అది భూమి. జల్, జంగల్, జమీన్ కోసం పోరాడిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో అమరుడైన పిమ్మట, నిజాం ప్రభుత్వం ఆదివాసుల స్థితిగతుల అధ్యయనానికి మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్‌ను నియమించింది. ఆయన మార్లవాయిలో నివసించి చేసిన కృషి ఫలితంగా వేలాది కుటుంబాలకు పట్టాలు లభించాయి. తరువాత వచ్చిన 1/70 చట్టం షెడ్యూల్డు ప్రాంతంలోని భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా అడ్డుకొంటున్నది. ఇంత పోరాటంతో నిలిచిన భూమిని వీసా అప్పు కోసం నోటిమాటగా ఇతరుల చేతిలో పెట్టడం అన్నిటికంటె పెద్ద నష్టం. సంపాదన పోతే మళ్ళీ సంపాదించవచ్చు. చేయి దాటిన చేను తిరిగిరావడం దుర్లభం.

'పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు' అని పెద్దలు అంటారు. కాని నిలబడి తాగడానికి నీళ్ళు ఉండాలి కదా! ఊళ్ళో ఉండడమూ ఖర్చు లేనిది కాదు. నీటివసతి లేని రెండెకరాల మీద కుటుంబమంతా ఆధారపడితే అప్పు ఇక్కడా పెరుగుతుంది. అందుచేత వలసను పూర్తిగా నిరాకరించడం పరిష్కారం కాదు. ఏ షరతులతో వెళ్ళాలో తెలుసుకోవడమే పరిష్కారం.

ఇందుకు కొన్ని రక్షణలు ఉన్నాయి. 1983 నాటి వలస చట్టం కింద ప్రభుత్వ లైసెన్సు పొందిన ఏజెంటు మాత్రమే విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపవచ్చు. అతడు తీసికోదగిన సేవా రుసుమును 30,000 రూపాయలకు, దానిపై పన్నుకు పరిమితం చేశారు. యు.ఎ.ఇ. 2021లో తెచ్చిన కార్మిక చట్టం నియామకపు ఖర్చును కార్మికుని నుండి వసూలు చేయరాదని చెబుతున్నది. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయల పరిహారం ఉన్నది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ అయిన టామ్‌కామ్ ద్వారా కూడా విదేశీ ఉద్యోగాలకు వెళ్ళవచ్చు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సహాయాన్ని ప్రకటించింది. పదవ తరగతి ఉత్తీర్ణులైనవారి పాస్‌పోర్టుకు వలస అనుమతి తనిఖీ వర్తించదు. అది సౌకర్యమే అయినా, ఆ తనిఖీలో ప్రభుత్వం చూసే ఒప్పందాన్ని చదువుకొన్నవారు తామే చదివి పరీక్షించుకోవలసి ఉంటుంది.

కాబట్టి ప్రయాణానికి ముందే అడగవలసిన ప్రశ్నలు ఉన్నాయి. వీసా ఏ రకమైనది? ఒప్పందంలోని పని, జీతం, వసతి ఎదుటివారు నోటితో చెప్పినవేనా? అప్పు ఎన్ని నెలలలో తీరుతుంది? చేతిలో ఏదైనా పనితనం ఉన్నదా? భూమి పత్రాలు ఎవరి వద్ద ఉన్నాయి? ఎన్నేళ్ళకు తిరిగి రావాలని నిశ్చయం? వీటికి స్పష్టమైన సమాధానాలు ఉన్నవానికి ఎడారి నగరం కొన్నేళ్ళ కష్టానికి తగిన ప్రతిఫలం ఇవ్వగలదు. సమాధానాలు లేనివానికి అదే నగరం అప్పుల ఊబి కాగలదు. దూరపు కొండలు నునుపుగా కనిపిస్తాయి. ఎక్కబోయేవాడు దారి ఎటువంటిదో ముందుగా అడిగి తెలుసుకోవడమే వివేకం.