బొమ్మకారులో తివాచీ



పిల్లలు అట్టముక్కలు, అగ్గిపెట్టెలు పోగుచేసి కార్లు కడుతూ ఉంటే, ఇల్లంతా చెత్త చేస్తున్నారని మనం విసుక్కుంటూ ఉంటాం. నేనూ అంతేనండీ. కాని మొన్న సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టడానికి మా మనవడు అంబాసిడర్ కారు చేస్తానని కూర్చుంటే మాత్రం విసుక్కోలేకపోయాను. వాళ్ళ తాతయ్య విజయనగరం, పార్వతీపురం మధ్య టాక్సీగా తిప్పిన కారు అది. దాన్ని అమ్మేసి ఏళ్ళయింది. అసలు ఆ కార్ల తయారీయే 2014లో ఆగిపోయింది. మా ఇంట్లో మిగిలిన ఒక్క ఫొటోలో బయటి రూపమే ఉంది. లోపల ఎలా ఉండేదో చెప్పగలిగినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే.

అసలు కారులో 24వ వంతు కొలతకు చేశాడు వాడు. అంటే 4.3 మీటర్ల కారు 18 సెంటీమీటర్లయింది. "అమ్మమ్మా, కింద ఏం పరిచి ఉండేది?" అని అడిగాడు. కొబ్బరిపీచు పట్టా అన్నాను. ఉద్దానం కొబ్బరితోటలున్న సీమ కదా మనది, పీచుకేం కరువు! తీసి అంటించాం. తీరా చూస్తే కారులో వంటచెరకు పేర్చినట్టుంది. పోనీ అని పాత వెల్వెట్ జాకెట్టు ముక్క పరిచాం. అది మోకాలెత్తు గడ్డిలా కనబడింది.

ఎందుకలా అయిందో తరవాత లెక్కవేసి చూసుకున్నాం. కారు చిన్నదైనప్పుడు పట్టా వెడల్పు ఒక్కటే తగ్గితే చాలదు, నూగు ఎత్తూ, పోగు లావూ కూడా తగ్గాలి. అసలు తివాచీ నూగు 8 మిల్లీమీటర్లుంటే, బొమ్మకారులో మిల్లీమీటరులో మూడోవంతు ఉండాలి. ఇక కొబ్బరిపీచు. ఒక పోచ సుమారు మిల్లీమీటరులో అయిదో వంతు లావుంటుందనుకుందాం. బొమ్మకారులో అది దాదాపు పెన్సిలంత పుల్లలా కనిపిస్తుంది. అసలు పీచు పెడితే పీచులా కనిపించకపోవడానికి కారణం ఇదేనన్నమాట.

దానికి బదులు గోనెసంచి నార వాడుకోవచ్చు. మన జిల్లాల్లో గోనెసంచి లేని ఇల్లుండదు. రంగూ ఇంచుమించు పీచు రంగే. ఒక పోగు పీకి, పురి విప్పి, ఉతికి ఆరబెట్టి, పాత దువ్వెనతో దువ్వండి. సన్నటి పోచలొస్తాయి. వాటిని కట్టగా పట్టుకుని, కొత్తిమీర తరిగినట్టు కాదు సుమండీ, అంతకంటె ఎంతో సన్నగా, పొడిలా కత్తెరతో కొసలు కత్తిరించండి. ఇది ఓపికతో కూడిన పని. రేడియోలో ఏదో వింటూ చేసుకోవాలి. తరవాత టీ వడపోసుకునే జల్లెడలో వేసి జల్లిస్తే పొడుగు ముక్కలు పైన ఉండిపోతాయి. ముదురు రంగు కావాలంటే కత్తిరించకముందే నారను టీ డికాషన్‌లో నానబెట్టండి. ఎరుపో నీలమో కావాలంటే పాత ఊలు దారాన్నీ ఇలాగే చేసుకోవచ్చు.

జాకెట్టుకు తీసినట్టే ముందు కాగితం మీద కొలత తీసుకోండి. మధ్యలో నేల ఉబ్బెత్తుగా ఉంటుంది, దాన్ని మరిచిపోకండి. పట్టా కారులో కాదు, విడిగా ఆ కాగితం మీదే చేసి తరవాత అమర్చుకోవాలి. మైదా ఉడికించిన జిగురు వద్దు, అట్ట వంకరపోతుంది, బొద్దింకలు కూడా చేరతాయి. ఫెవికాల్‌లో రెండు చుక్కలు నీళ్ళు కలిపి పల్చగా రాయండి. రాసేముందు కాగితానికి నార రంగే వేసి ఆరనివ్వండి. ఎక్కడైనా నూగు పడకపోయినా తెల్లగా బయటపడదు. జిగురు తడిగా ఉండగానే పొడిని ముగ్గు చల్లినట్టు జల్లెడతో చల్లి, అడుగునుంచి గోటితో టకటకా కొట్టండి. కొన్ని పోచలైనా నిలబడతాయి. ఫ్యాక్టరీల్లో ఈ పని కరెంటు చేస్తుంది, పోచల్ని నిలువునా నిలబెట్టి అంటిస్తుంది. మనకు గోరే కరెంటు! అరచేత్తో మాత్రం అదమకండి. రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున్న బోర్లించి దులిపితే అంటనిది రాలిపోతుంది. ఆ రాలిన పొడి డబ్బాలో దాచుకోండి. అంచు చుట్టూ నల్లదారం ఒక వరస అంటిస్తే కుట్టిన అంచులా ఉంటుంది.

సీట్లమీద ఆయన ఎప్పుడూ తెల్ల తొడుగులు వేసేవారు. వాటికి పొందూరు ఖద్దరు చీరముక్క సరిపోయింది. వాలుగచేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికిన సన్న నూలు కదా, నేత మోటుగా కనబడలేదు.

అంతా అయ్యాక ఏదో వెలితిగా తోచింది. పట్టా మరీ కొత్తగా ఉంది! ఆయన కారులో యాక్సిలరేటరు కింద, కుడి మడమ ఆనేచోట, పీచు అరిగిపోయి గుండ్రంగా బోడిగా ఉండేది. కొత్త పట్టా కొందామంటే "ఇదుందిగా" అనేవారు. పిన్ను తలతో అక్కడ నూగు గీరేసి, చిటికెడు ఇటుకపొడి రుద్దాను. మనవడు వంగి అందులోకి చూశాడు. "తాతయ్య మడమంత ఉందా, అమ్మమ్మా?" అన్నాడు.

చిన్న గింజంత ఉంది. స్కేలు తెచ్చి 24తో హెచ్చవేసి చూశాడు. కాస్త పెద్దదైంది. మళ్ళీ జిగురు రాసి, డబ్బాలోని పొడి చల్లాం.